ఇష్టపూర్వకంగా

నాకన్నా ముందు ఇంకా ఇద్దరు ఉండారంట. ఆ ఇద్దరి కాగితాలు అయిపోతే నన్ను పిలుస్తారు, లోపలికి పోవాల, వేలిముద్ర వెయ్యాల, అంతే, అరగంట పని అన్నాడు కాగితాలు రాసే రైటరు. ఆత్మకూరు రిజిస్ట్రారు కచేరీ అరుగు మీద స్తంభానికి ఆనుకోని కూర్చోనుండా. ఎండ మెట్టు మీదికి వచ్చింది, ఇంకాసేపటికి నా కాళ్ళ మీదికి వస్తాది. జరుగుదామంటే ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకోని ఉండా, దాన్ని కదిలిస్తే చంకలో నుంచి వీపు దాకా నిప్పు పాకినట్టు పాకతాది. ఎండొస్తే రానీ. మా ఆయన రోడ్డు మీద నిలబడి అనంతసాగరం దిక్కు చూస్తా ఉండాడు. మా అన్న కొండయ్య రావాల. అన్న వచ్చి సాక్షి సంతకం పెడితే గానీ రూపాయి ఇయ్యనన్నాడు నా చేను కొనే శెట్టి. ఇన్నేళ్ళూ ఆ చేను దున్నుకుంటా ఉండేది నీ అన్నే గదమ్మా, రేపు కోర్టుకెక్కితే నేనేం చేసేది, అన్నాడు. మొదటి బస్సుకు వస్తానన్నాడు అన్న. మొదటి బస్సు వచ్చిపోయింది. రెండోదీ వచ్చింది. మేకపిల్లను చంకనేసుకోని ఒక ముసలమ్మ దిగింది, అన్న దిగలా.

రాకపోతే బాగుండు. వస్తే బాగుండు. ఈ రెండూ అనుకుంటా ఉండేది నేనే. అన్న రాలేదంటే ఈ కాగితం ఆగిపోతాది, శెట్టి తన దారిన తను పోతాడు, మేం ఉదయగిరికి తిరుగు బస్సెక్కుతాం, పిల్లలు గడపలోకి ఎదురొస్తారు. ఇంక ఎవురూ ఏమీ అనరు. చేను నిలబడతాది, అన్న ఇల్లు నిలబడతాది, నేను వానలు పడేదాకా ఉంటానో ఉండనో. అన్న వచ్చినాడంటే మధ్యాన్నానికి డబ్బు మా ఆయన చేతిలో ఉంటాది, ఈ ఎండలోనే నెల్లూరు బస్సెక్కి, ఆడ రైలెక్కి, తెల్లారేసరికి మద్రాసులో ఉంటాం. పెద్ద ఆసుపత్రిలో కరెంటు పెడతారు నాకు. కరెంటంటే ఏందో నాకు తెలీదు. ఉదయగిరిలో మా ఇంట్లో బుడ్డి దీపం. ఆ కరెంటు నా వొంట్లోకి ఎట్ట పెడతారో, పెడితే నేను నేనుగా ఉంటానో లేదో.

పొద్దున కచేరీ పక్క పందిట్లో చాప మీద కూర్చోని రైటరు రాసిందంతా చదివి వినిపించినాడు. ఆయప్ప గొంతులో ఏ మాటకూ బరువు లేదు, అన్నీ ఒకే దారంలో గుచ్చిన పూసల మాదిరిగా పోతా ఉండాయి. ఉదయగిరి నివాసి తిరుపాలు భార్య నాగులమ్మ, బాలసుబ్రహ్మణ్యం శెట్టిగారికి వ్రాసి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు. నా తండ్రిగారు నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల బావి కింది భూమిని నా అక్కర నిమిత్తం నేను ఇష్టపూర్వకంగా... నా అక్కర అంట. పుట్టి ముప్పైనాలుగేళ్ళు అవతా ఉండాది, నా అక్కర అని ఒక పని జరగడం నేను చూడలా. పిల్లోళ్ళ అక్కర, ఎడ్ల అక్కర, ఇంటి అక్కర, చచ్చేదాకా మా అత్త అక్కర. కాగితం మీద మొదటిసారి నా అక్కర అని రాసినారు, అది కూడా చేను పొయ్యే కాగితం మీద. మా ఆయన తల వంచుకోని విన్నాడు. శెట్టి మాత్రం హద్దులు చదివేటప్పుడు దగ్గరికి జరిగి విన్నాడు. తూర్పు వాగు, పడమర కొండయ్య మెట్ట చేను.

మొదట శెనగగింజంత. పొయ్యి ముందర చెమటకు రవిక ముడి వదులు చేసుకుంటా ఉంటే వేలికి తగిలింది. నొప్పి లేదు, నొప్పి ఉంటే అప్పుడే చెప్పుకుందునేమో. నొప్పి లేని దాన్ని ఎవురికి చూపించేది, ఏమని విప్పి చూపించేది? ఏడాది దాచినా. నిమ్మకాయంత అయినాక పైన తోలు ముడుచుకోని గుంట పడింది, అప్పుడు మా ఆయన చూసినాడు. ఇదేందే, అన్నాడు. ఏం లేదులే, అన్నా. ఆకుపసరు కట్టేవాడొకడు ఉండాడని తీసుకపోయినాడు, ఆయప్ప మూడు నెలలు కట్టినాడు, కోళ్ళు పోయినాయి, ముక్కుపుడక పోయింది, గడ్డ పగిలింది. అప్పుడు ఎవురో అన్నారు, అది రాచపుండు అని. రాజులకొచ్చే రోగం వచ్చింది గానీ రాజుల సొమ్ము రాలేదే నాకు అని నవ్వినా. నేను నవ్వితే మా ఆయన లేచి బయటికి పోయినాడు. ఆ వారమే ఎడ్లను సంతకు తోలుకపోయినాడు. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది, వాటిని కట్టుకోని కలిగిరికీ నెల్లూరికీ బస్తాలు తోలేవాడు, వాటి మీదనే మేం బతికేది. సాయంత్రం వొట్టి పగ్గాలు భుజానేసుకోని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఏమైనా తిన్నావా అంటే, వాటికి మేత ఎయ్యాల, అని లేచినాడు. లేచి దొడ్లోకి పోయి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

నెల్లూరు మిషను ఆసుపత్రిలో కోసినారు. తెలివొచ్చి చూసుకుంటే ఎడమ పక్క చదునుగా గుడ్డలు చుట్టి ఉండాది. ఏడవలా. మేలే అయిందనుకున్నా, పోయింది, పీడ పోయింది. ఎడ్లు పోతే పోయినాయి, బండి ఉండాది గదా, ఒక ఏడాది కూలి చేసుకుంటే మళ్ళీ ఒక ఎద్దునన్నా కొనుక్కోవచ్చు అని మా ఆయనతో నేనే అన్నా. ఆ బండి ఇంటి ముందర కాడి నేలకానించి అట్టనే ఉండాది, కోళ్ళు గుడ్లు పెడతా ఉండాయి అందులో, ఎవురి కోళ్ళో. మా ఆయన బజార్లో వేరేవాళ్ళ బండ్లకు బస్తాలు ఎత్తతాడు. తన బండి మీద కూర్చోని పొయ్యేటప్పుడు పాటెత్తేవాడు, ఇప్పుడు ఇంటికొచ్చి భుజం చూపిస్తే నేను కుడిచేత్తో ఆముదం రాస్తా. తొమ్మిది నెలలు గడిచినాయి. చంకలో మళ్ళీ శెనగగింజలు. ఈసారి ఒకటి కాదు. ఈసారి దాచలా, ఆ పూటే చెప్పినా. చెప్పి ఆయన ముఖం చూసి, దాచినా బాగుండేదే అనుకున్నా.

నిజం నాకు చెప్పింది లిదియమ్మ. ఆ ఆసుపత్రి నర్సు, మా ఉదయగిరి పక్క పల్లె మనిషే, తెల్ల కోక, మెళ్ళో నల్లదారానికి చిన్న సిలువ. డాక్టరు మా ఆయన్ను వాకిట్లోకి పిలిచి ఏందో చెప్పినాడు, ఆయన లోపలికొచ్చి, బలానికి మందులు రాసినాడులే, అన్నాడు. ఆయన మందులకు పోయినాక లిదియమ్మ కట్టు మారస్తా అంది, "నీకు చెప్పొద్దన్నారు నాగులమ్మా. పుండు నీ వొంట్లో ఉండాది, నీకు చెప్పకుండా ఎట్ట? గడ్డలు మళ్ళీ లేచినాయి. ఈడ ఇంకేం చేసేదానికి లేదు. మద్రాసులో కరెంటు పెడతారు, ఆరు వారాలు ఉండాల. పెడితే ఏడాదో, రెండేళ్ళో, దేవుడి దయుంటే ఇంకా ఎక్కువో. పెట్టకపోతే ఈ వానాకాలం కష్టం."

"తప్పక తగ్గతాదా?" అన్నా.

"తప్పక అనే మాట నా నోట రాదమ్మా. ఆ మాట చెప్పేవాళ్ళ దగ్గరికి పోబాక."

ఎంతవతాది అంటే అదీ దాచలా. ఆసుపత్రి ఖర్చు ఒకటే కాదు, అది కొంతే. మందులు, సూదులు, ఆసుపత్రి దగ్గర గది బాడుగ, ఇద్దరి తిండి, రానూపోనూ, ఆరు వారాలు కూలి లేని మనిషి, ఇంటికాడ ఇద్దరు పిల్లలు. ఎనిమిది వందలన్నా చేతిలో లేకుండా రైలెక్కొద్దు, సగంలో తిరిగొచ్చినోళ్ళను చూసినా, సగం వైద్యం అస్సలు చెయ్యనిదానికన్నా పాపం, అంది. మా ఆయనకు ఇంకో భయం. రాష్ట్రం వేరైపోయింది గదా, ఇప్పుడు మద్రాసు మనది కాదంట, మనల్ని ఆడ చూస్తారో చూడరో, చూసినా రెట్టింపు అడుగుతారేమో అని. రోగానికి కూడా సరిహద్దు ఉంటాదేమో ఎవురికి తెలుసు. అప్పు అడిగినాడు. కాళ్ళున్నంత మేర తిరిగినాడు. ఎడ్లు లేని బండివాడికి ఎవురిస్తారు? ఉదయగిరి బజార్లో బాలసుబ్రహ్మణ్యం శెట్టి మాత్రం అప్పు లేదు గానీ చేనుంటే చెప్పు అన్నాడు. బావి కింది చేను గదా, పధ్నాలుగు వందలు అన్నాడు మొదట. రెండు వారాలాగి మా ఆయన మళ్ళీ పోతే పదకొండు వందలు అన్నాడు. ఆ రెండు వారాల్లో నా చెయ్యి వాచిన సంగతి బజారంతా తెలిసిపోయింది.

ఆ బావి తవ్వేటప్పుడు నాకు పన్నెండేళ్ళు. అమ్మ పోయి ఏడాదయింది, అన్న కూలికని రంగూను పొయ్యే ఓడెక్కినాడు. ఇంట్లో నాయనా నేనూ. కూలోళ్ళను పెట్టే సత్తువ లేదు నాయనకు. ఆయన లోపల గడ్డపారతో పొడుస్తాడు, నేను గంపకెత్తుకోని మెట్లెక్కి పైన పోసి వస్తా. ఒక ఎండాకాలం, మళ్ళీ ఒక ఎండాకాలం. మనిషి లోతు, రెండు మనుషుల లోతు, రాయి పడింది, రాయి కిందే ఉండాదమ్మే నీళ్ళు అంటాడు, ప్రతిరోజూ అదే మాట. నడినెత్తి మీద గంప రాసుకోని జుట్టు ఊడి రూపాయి బిళ్ళంత బోడైంది నాకు. నీళ్ళు పడిన రోజు పైనుంచి చూస్తే నాయన తెల్లటి బురదలో మోకాళ్ళ దాకా నిలబడి పైకి చూస్తా ఉండాడు, రెండు చేతులూ ఎత్తి చూపిస్తా ఉండాడు. నా పెళ్ళికి ఊరి పెద్దల ముందర చెప్పినాడు, మెట్ట మూడెకరాలు కొండయ్యకు, బావి కింద రెండెకరాలు నా బిడ్డకు. నవ్వినారు అందరూ. కొడుక్కు రాళ్ళు, కూతురికి నీళ్ళా అని. ఆ బావిలో సగం దాని గంపలో వచ్చింది, నేనిచ్చేది ఏముండాది అన్నాడు నాయన.

యుద్ధమప్పుడు రంగూను మీద బాంబులేస్తే అన్న అడవుల్లో పడి నడిచి వచ్చినాడు. ఎన్ని నెలలు నడిచినాడో తనకే తెలీదు. వచ్చేసరికి నాయన లేడు. అన్నకు చేతిలో ఏమీ లేదు, మెట్టలో ఏమీ పండదు. అట్టాంటోడు ఒక్క మాట అనలా. చెల్లెలిది చెల్లెలిదే అన్నాడు, నేను కోరుకు, సగం పాలుకు, చేస్తానన్నాడు. అప్పటి నుంచి ఏటేటా రాగులైనా, సజ్జలైనా, మిరపకాయలైనా సగం పంట ఉదయగిరికి తెచ్చి నా వాకిట్లో దించతాడు. కొలత తక్కువైందని ఒకసారి తిరిగిపోయి మళ్ళీ వచ్చినాడు, రెండు మానికల కోసం. ఆ రెండెకరాల మీదనే అన్న బతుకు. వదిన వెంకటసుబ్బమ్మ, ముగ్గురు పిల్లోళ్ళు, అందరి నోట్లోకి పొయ్యేది ఆ బావి నీళ్ళే.

పోయిన నెల అడగను పోయినా. అన్న బావి మీద కపిల తోలతా ఉండాడు. ఎడ్లు ముందుకు పోతే బాన పైకొచ్చి భళ్ళున పోస్తాది, వెనక్కి వస్తే లోపలికి దిగతాది. చెప్పినా. మద్రాసు, కరెంటు, ఆరు వారాలు, శెట్టి. అన్న ఎడ్లను నిలపలా. వింటా తోలతానే ఉండాడు. నాలుగు బానలు పోసిందాకా చూసి నేను లేచొచ్చినా. కాలవ గట్టు దగ్గర వదిన రాగి మడికి నీళ్ళు కడతా పక్కింటామెతో అంటా ఉండాది, నేను వెనకాల ఉండానని తెలీదు. పొయ్యే ప్రాణానికి ఎవురన్నా చేను పెడతారా అక్కా, అంది. కోపంగా అనలా. గుండె చెరువై అంది. వదిన చెడ్డది కాదు. నన్ను కోసినప్పుడు నా పిల్లలిద్దర్నీ నెల పొడుగునా సాకింది, చిన్నది సీతమ్మకు పేలు తీసి తలంటి పంపించింది. ఆ మాటన్న మనిషి చెడ్డదై ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేది. ఆమెను తిట్టుకోని నిమ్మళంగా వేలిముద్ర వేసుండేదాన్ని.

ఒకటైపోయింది, ఇంకొకరు లోపలికి పోయినారు. ఇంక నేనే. శెట్టి జేబులో గడియారం తీసి చూసి, మా ఆయన్ను పిలిచి ఏందో అంటా ఉండాడు. మా ఆయన రెండు చేతులూ ఆడించి చెప్తా ఉండాడు, వస్తాడు వస్తాడు అని కాబోలు. నేను ఒక మాట నోట్లో పెట్టుకోని కూర్చోనుండా, పొద్దుటి నుంచీ. లేదు అనే మాట. అన్న వచ్చినా సరే, లోపల ఆ దొర అడుగుతాడంట, ఇష్టంగా అమ్ముతా ఉండావా అని. లేదు అంటే కాగితం చెల్లదంట. ఒక్క మాట. చెప్తే ఎట్టుంటాదో చూసుకుంటా ఉండా. నాగులమ్మ ఎంత మహాతల్లి, చేను కాపాడి తను పోయింది, అన్న సంసారం నిలబెట్టింది అంటారు. వదిన నా పాడె మీద పడి ఏడుస్తాది, నిజంగానే ఏడుస్తాది. నా పెద్దది పెంచలమ్మకు పదమూడు, దాని పెళ్ళికి ఆ చేను ఇస్తారు, మా అమ్మిచ్చింది అని చెప్పుకుంటాది. బాగుండాది. వినేదానికి చానా బాగుండాది. ఆ కథలో అందరూ ఉండారు, నేను తప్ప.

పెంచలమ్మ పెద్దమనిషయ్యే వేళకన్నా ఉండాల, దానికి చెప్పాల్సినవి ఎవురు చెప్తారు, సీతమ్మకింకా పాల పళ్ళు ఊడతా ఉండాయి. పిల్లల కోసం బతకాలంటే అందరూ ఒప్పుకుంటారు. అదే చెప్పినా అందరికీ, మా ఆయనకు, లిదియమ్మకు, అన్నకు. అబద్ధం కాదు. కానీ అదొక్కటే కాదు. నాకు బతకాలని ఉండాది. ఊరికే. ఎండలు ముదిరినాక ఉదయగిరి దుర్గం మీదికి మొదటి మేఘం వచ్చి కొండ మొన మునిగిపోతాది, మొన్నటి దాకా దాన్ని చూసినట్టే లేదు నేను, వాకిలి చిమ్ముకుంటా ఒకసారి తలెత్తేదాన్ని, అంతే. మళ్ళీ చూడాల. కొత్త చింతచిగురు నూరి వేడన్నంలో కలుపుకోని తినాల. మా ఆయన తన బండి మీద కూర్చోని పాటెత్తితే అరుగు మీద నుంచి తిట్టాల. ఇవేమన్నా పెద్ద కారణాలా? వీటి కోసం ఒక సంసారం నోటికాడి కూడు తీసేదా? సిగ్గుగా ఉండాది. సిగ్గు ఉన్నా ఆశ పోలా. మనిషికి ఆశ ఇంత మొండిగా ఉంటాదని ఎవురూ చెప్పలా నాకు, నాయన కూడా చెప్పలా.

అన్న వచ్చినాడు. బస్సులో కాదు. రోడ్డు మీద దుమ్ములో నడిచి వస్తా ఉండాడు, పైగుడ్డ తలకు చుట్టుకోని, మోకాళ్ళ దాకా తెల్లటి దుమ్ము. మా ఆయన ఎదురు పోయి, బస్సు దొరకలేదా బావా, అని అడిగినాడు.

"ఎక్కలా," అన్నాడు అన్న. అరుగు కింద నిలబడి నా కాళ్ళ వైపు చూస్తా అన్నాడు, "వద్దామా వద్దా అనుకుంటా నడిచినా. బస్సెక్కితే తొందరగా వచ్చేస్తాది గదా."

నాలుగు గంటల దారి. చీకట్లోనే లేచి ఉంటాడు. "కూర్చో అన్నా, నీళ్ళు తాగు," అన్నా. కూర్చోలా. మా ఆయన నీళ్ళకని పోయినాడు. మేమిద్దరమే ఉండాం. నోట్లో ఉన్న మాట కాకుండా వేరే మాట వచ్చింది నాకు. "నిజం చెప్పన్నా. వద్దంటే వద్దను. ఈడి నుంచే లేచిపోతాం. నేనేం అనుకోను."

"నన్ను అడగబాక నాగులూ." అన్న ముఖం అటు తిప్పుకున్నాడు. "నా నోటితో వద్దంటే నిన్ను నేనే చంపినట్టు. అమ్మమంటే నా బిడ్డల పొట్ట నేనే కొట్టినట్టు. నాతో చెప్పించబాక. చేను నీది, నువ్వు చెప్పేది నువ్వు చెప్పు. నేను సంతకం మాత్రం పెడతా." రైటరు కలం అందిస్తే వంగి, రంగూన్లో నేర్చుకున్న అక్షరాలతో ఒక్కొక్కటే గీసినాడు. కొండయ్య. ఆఖరి అక్షరం కాడ కలం ఆగి సిరా బొట్టు పడింది. శెట్టి ఆ బొట్టు ఆరిందాకా ఊదినాడు.

నౌకరు నా పేరు పిలిచినాడు. మా ఆయన కుడిచెయ్యి పట్టుకోని లేపినాడు. లోపల చీకటిగా చల్లగా ఉండాది, పాత కాగితాల వాసన, గోడ పొడుగునా గుడ్డల్లో కట్టిన దస్తాలు. బల్ల వెనక పెద్దాయన, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉండాది, తలెత్తకుండానే పేరడిగినాడు, మొగుడి పేరడిగినాడు. మొగుడి పేరు నేను చెప్పకపోతే రైటరు చెప్పినాడు. డబ్బు ముట్టిందా అంటే శెట్టి మూట తీసి బల్ల మీద పెట్టినాడు.

"ఇందులో రాసిందంతా చదివి వినిపించినారా అమ్మా?"

"వినిపించినారు."

"ఎవురి బలవంతమూ లేకుండా ఇష్టపూర్వకంగా అమ్ముతున్నావా?"

లేదు అనే మాట నాలిక మీదనే ఉండాది. దాన్ని మింగినా పోదు, ఉమ్మినా పోదు. అన్న తలుపు దగ్గర నిలబడి ఉండాడు, అటు చూడకూడదనుకోని చూసినా. ఆయన నన్ను చూడడం లేదు, నా వాచిన చేతిని చూస్తా ఉండాడు. గంపలు మోసిన చెయ్యి. శెట్టి దగ్గినాడు. మా ఆయన ఊపిరి నాకు వినబడతా ఉండాది.

"నిన్నే అమ్మా అడిగేది."

"ఇష్టపూర్వకంగా అంటే ఏందయ్యా?" అన్నా.

పెద్దాయన ఇప్పుడు తలెత్తినాడు. "నీ మనసుకు ఇష్టమయ్యే ఈ చేను అమ్ముతున్నావా అని."

"చేను అమ్మేది ఇష్టం లేదయ్యా. బతికేది ఇష్టం."

రాసుకునే గుమాస్తా కలం ఎత్తి పట్టుకోని ఆగినాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అట్ట రాసుకునేదానికి లేదమ్మా," అన్నాడు మెల్లగా. "అవునో కాదో చెప్పాల."

"అవును," అన్నా.

అంత చిన్న మాట. చెప్పినాక తెలిసింది, వేరే ఏదీ చెప్పేదాన్ని కాదని. గుమాస్తా ఎడమ బొటనవేలు అన్నాడు. ఎడమ చెయ్యి నేను ఎత్తలేను, మా ఆయన రెండు చేతుల్తో పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి బల్ల మీద పెట్టినాడు. సిరా రాసి గుమాస్తా ఒత్తితే కళ్ళ ముందర మెరుపులు మెరిసినాయి. గీతలు పడలా, వాచిన వేలు గదా, తోలు నున్నగా బిగుసుకోని ఉండాది, కాగితం మీద వొట్టి నల్లటి మచ్చ పడింది. మళ్ళీ ఒత్తాల, అన్నాడు. మళ్ళీ ఒత్తినాడు. మూడోసారికి నాలుగు గీతలు కనిపించినాయి, చాల్లే అన్నాడు పెద్దాయన. నేను అరవలా. పెదవి కొరుక్కున్నా, అంతే.

బయటికొచ్చినాక మా ఆయన మూట విప్పి లెక్క చూసుకుంటా ఉండాడు, నేను మళ్ళీ స్తంభానికి ఆనుకోని నిలబడి ఉండా. మెట్ల కింద అన్న శెట్టి ముందర నిలబడినాడు. పైగుడ్డ తల మీద నుంచి తీసి చేతుల్లో పట్టుకున్నాడు. అన్న ఎవురి ముందరా తలగుడ్డ తియ్యడం నేను చూడలా, నాయన ముందర కూడా. "శెట్టీ, రాగి కోతకొచ్చింది, అదొక్కటి నన్ను కోసుకోనీ. ఆ తర్వాత నన్నే కోరుకు పెట్టుకో. ఆ నేల సంగతి నాకు తెలుసు. సగం కాదు, నీకు రెండు పాళ్ళు ఇస్తా, నాకు ఒక పాలు చాలు."

శెట్టి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటా, "రాగి కోసుకోలే కొండయ్యా, కష్టపడినోడివి, నేను కాదన్ను," అన్నాడు. "కోరు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను. మా బామ్మర్ది ఒకడు ఖాళీగా ఉండాడు. చూస్తాం. పండగ పోయినాక ఒకసారి కనపడు." అన్న సరే అన్నట్టు తల ఊపినాడు, మళ్ళీ మళ్ళీ ఊపతానే ఉండాడు, శెట్టి పోయినాక కూడా. ఇదంతా నేను చూసినా. కళ్ళు మూసుకోలా. చేసింది నేను, చూసేది కూడా నేనే చూడాల అనుకున్నా. పిలిచి, ఆ కాగితం చించెయ్యమనే మాట రాలా నాకు. వస్తాదేమోనని చూసినా, రాలా.

నెల్లూరు బస్సు వచ్చి నిలబడింది. మా ఆయన నన్ను ఎక్కించి, కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఎడమ చెయ్యికి ఎవురూ తగలకుండా తను ఆ పక్కన అడ్డం కూర్చున్నాడు. డబ్బు మూట చొక్కా లోపల కట్టుకోని దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు. అన్న కిటికీ కిందికొచ్చినాడు. ఊచ పట్టుకున్నాడు. "పిల్లోళ్ళ గురించి దిగులు పడబాక. రేపే పోయి మా ఇంటికి తీసుకొస్తా, ఉన్నదే తింటారు. నాగులూ, ఇంటికి పోయి మీ వదినకు ఏందో ఒకటి చెప్పాల నేను. మా చెల్లెలు బతకతాది అని చెప్తా. నువ్వు బతికొచ్చినావంటే ఆ మాట నిలబడతాది. లేకపోతే దానికి నేనేం చెప్పేది?"

వస్తానన్నా అనాల, అంటే అబద్ధమవతాదేమో, అనకపోతే ఇంకా పాపం. నా కుడిచెయ్యి ఊచ మీదున్న ఆయన వేళ్ళ మీద పెట్టినా. కండక్టరు ఈల వేసినాడు. అన్న చెయ్యి తీసుకోని, తలగుడ్డ చుట్టుకోని, వెనక్కి తిరిగి అనంతసాగరం రోడ్డు పట్టినాడు. నడకే. బస్సు మలుపు తిరిగిందాకా ఆయన వీపు కనపడింది, ఆ తర్వాత ఒక పొగాకు బస్తాల బండి అడ్డమొచ్చింది.

చేలు పోతా ఉండాయి, కోసినవి, కొయ్యనివి, బీళ్ళు. మా ఆయన ముందుకు చూస్తా ఉండాడు, కళ్ళ కింద తడి తుడుచుకోవాలంటే మూట మీద నుంచి చెయ్యి తియ్యాల, తియ్యకుండా అట్టనే కూర్చున్నాడు. నేనే తుడిచినా, కొంగుతో.

"ఆ కరెంటు నొప్పి పెడతాదా?" అన్నా.

"తెలీదు నాగులా."

"పెడితే పెట్టనీ," అన్నా.